బకాయి

నాకు ఫార్సీ రాదు.
పదకొండేండ్ల సంది ఫార్సీ కాయితాలే అతుకుతున్న.
తార్నాకల, రెండో అంతస్తుల, ఉత్తరం కిటికీ పక్క బల్ల.
పిండి గంజి, అందుల చిటికెడు మైలుతుత్తం,
ఉల్లిపొర అంత పల్చటి కాయితం, మెత్తటి కుంచె.
ఊపిరి బిగబట్టి చేసే పని.
ఫ్యాను వేసుకోరాదు, మే నెలల గూడ.

ఈ ఎండకాలం నా బల్ల మీదికి ఒక సిపాయిసాలారు వచ్చిండు.
మూటల వచ్చిండు.
ఎర్రబట్ట మూట, రెండు వందల పది ఆకులు.
పేరు మీర్ హైబత్ యార్ అని
మౌల్వీ ముస్తజాబ్ సాబ్ చెప్పిండు,
చష్మా నుదుటి మీదికి జరుపుకుంట.
మూడు రోజులల్ల నల్లరేవు కోట గెలిచినోడట.
ఆయన తలపాగ ఎత్తు మీదనే
ఎవరో నాలుగు ఆకుల పద్యం రాసిండట.

ఆ నాలుగు ఆకులు నాకు పనే పెట్టలే.
మంచి సిరా, బంగారు అంచు.
రాసినంక ఎవలూ మళ్ల విప్పలే గావచ్చు,
పురుగు గూడ ముట్టలే.
లెక్కలు రాసిన ఆకులే
చేతి చెమటకు నల్లగై, మడతల కాడ తెగి
నా ముందర పొట్టు లెక్క రాలినయి.

గుర్రాలకు గడ్డి, నాలుగు వందల మోపులు.
నీళ్ల తోలుసంచులు ముప్పై, అందుల తొమ్మిది కారేటివి.
గాయాల మీదికి పసుపు.
డోలు కొట్టేటోడు ఒకడు పారిపోయిండు, డోలుతోని సహా.
మౌల్వీ సాబ్ చదువుతుంటే నవ్వొచ్చింది నాకు.
డోలు మోసుకొని ఉరికితే దొరకడా సాబ్, అన్న.
దొరకలేదట.

ఒక్క మాట నేర్పిండు సాబ్.
కింద ఒక చుక్క, మీద రెండు చుక్కలు, ఒక నిలువుగీత,
కింద రెండు, మళ్ల నిలువుగీత.
"ఇది మీ ఇంట్ల మాటనే, అండాలమ్మా. బకాయి."
తొందరల రాసినోళ్లు చుక్కలు పెట్టరు.
అయినా ఇప్పుడు పట్టుకుంట,
బియ్యంల రాయిని పట్టినట్టు.

నూట అరవై మూడో ఆకు.
దివాను రాయ్ బిషంభర్ దాసుకు సిపాయిసాలారు అర్జీ.
ఎనిమిది నెలల జీతం బకాయి.
నా మనుషులు నా డేరా ముందర కూసున్నరు.
తింటలేరు, నన్ను తిననిస్తలేరు.
నా ఏనుగును అమ్మి ఇయ్యుండ్రి.

మర్లేస్తే దివాను జవాబు,
అదే కాయితం మీద, కాయితం గూడ ఖర్చే అన్నట్టు.
ఏనుగు పదకొండు రోజుల కింద చచ్చింది.
అప్పటిదాక తిన్న మేత
ఎవరి ఖాతల రాయమంటరు?

నేను దివానును ఒక మాట తిట్టిన.
సాబ్ చెయ్యి అడ్డం పెట్టిండు.
అట్ల అనకు, ఆ నెల ఆయన
ఇంట్ల వెండి పళ్లాలు సాహుకారు కాడ కుదువపెట్టిండు,
వేరే మూటల జాబితా ఉన్నది, అన్నడు.
ఆ జాబితా పోయినేడు నేనే అతికిన.
పెండ్లి సామాను అనుకున్న.

అక్టోబరుల ప్రదర్శన.
పెద్దసారు వచ్చి చూసిండు.
అర్జీ దిక్కు పైకి రావాలె, ముద్ర మంచిగ కనిపిస్తది, అన్నడు.
చట్రానికి అద్దం ఒక్క దిక్కే.
వెనకకు అట్ట నేనే కోసిన.
చచ్చిన ఏనుగు మీద బోర్లించి
నాలుగు మూలల గంజి రాసిన.

మా కంట్రాక్టరు ఫోను ఎత్తుతలేడు. నాలుగో నెల.
లాలాపేట బస్సు దిగి కిరాణా దుకాణం ముంగటికెళ్లి పోను,
ఎనక గల్లీల నుంచి పోత.

ఇయ్యాల నూట అరవై నాలుగో ఆకు తీసిన.
డేరా ముందర కూసున్నోళ్ల పట్టీ.
దస్కతు రానోళ్లు బొమ్మలు గీసిన్రు.
ఎక్కువ కత్తులే. ఒకటి చెప్పు. ఒకటి తక్కెడ.
అడుగున, పురుగు తొవ్వ పక్కపొంటి,
బొటనవేలి గోరంత డోలు.

శానసేపు చూసిన.
ఉరికినోడు ఉరికినట్టే పోవాలె గదా.
జీతానికి వచ్చి కూసున్నడు.

సాబ్‌కు చూపియ్యలే ఇంక.
పొర పరిచి, కుంచె ముంచి,
డోలు చుట్టూ మెల్లగ రాసిన.
గంజి ఆరినంక ఫ్యాను వేసిన.